పచ్చనివన్నీ అడవులు కావు

మొన్న శుక్రవారం రూవీలో ఒక మిత్రుడింట్లో భోజనాలు. గోంగూర పచ్చడి, చేపల పులుసు, ఆ తర్వాత మామూలే: రాజకీయాలు, వీసాలు, ఊళ్ళో స్థలాల రేట్లు. మాటల మధ్యలో నేను క్రితం నెల జెబెల్ అఖ్దర్ కొండ మీద రెండు రోజులు చెట్లు లెక్కపెట్టి వచ్చానని నోరు జారాను. అక్కడున్న ఒక తమ్ముడు, మా రంగమే, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, పగలబడి నవ్వాడు.

"ఏంటన్నా, ఈ రోజుల్లో ఎండలో తిరిగి చెట్లెవరైనా లెక్కపెడతారా? శాటిలైట్ డేటా ఫ్రీ, మోడల్ ఫ్రీ. ఏసీలో కూర్చుని అరగంటలో ఒమాన్ అడవులన్నీ తేల్చేయొచ్చు."

తిన్న ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. కానీ కడుపులో పెట్టుకుంటే అరిగే రకం కాదు నాది. అందుకే ఈ టపా. తమ్ముడూ, ఇది నీకే. నీతో పాటు ఐదేళ్ళ క్రితం నాటి నాకు కూడా. ఎందుకంటే అప్పుడు నేనూ అచ్చం నీలాగే అన్నాను. అనడంతో ఆగలేదు, చేసి చూపించాను.

సంగతేంటంటే, అప్పట్లో ఒక క్లయింటుకి మ్యాపుల డాష్‌బోర్డు ఒకటి చేశాం. పేరు అనవసరం. ఎక్కడ చెట్లున్నాయి, ఎక్కడ ఖాళీ నేల ఉంది, ఒక్క చూపులో తెలియాలి అన్నారు. రోడ్లూ కట్టడాలూ ఎక్కడ వేసుకోవచ్చో చూసుకోడానికన్నమాట. మనకి తెలిసిన విద్యే కదా. ఆకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది. ఆ రెంటి తేడాని ఆ రెంటి మొత్తంతో భాగిస్తే మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్య ఒక అంకె వస్తుంది. దాన్నే ఎన్‌డీవీఐ అంటారు. అంకె పెద్దదైతే పచ్చదనం ఎక్కువ. నేను 0.2 దగ్గర గీత గీశాను. పైనున్నదానికి ఆకుపచ్చ, కిందున్నదానికి బూడిదరంగు. బూడిదరంగు పక్కన "ఖాళీ నేల" అని రాశాను. ఆ రెండు మాటలూ నా చేత్తో టైపు చేసినవే. డెమోలో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాత రెండు నెలలకి, వారాంతం సెలవులకి పిల్లల్ని తీసుకుని జెబెల్ అఖ్దర్ వెళ్ళాం. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ ఉందో లేదో చూసి వదులుతారు. అక్కణ్ణించి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. పైన సైక్ పీఠభూమి, సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తు. జెబెల్ అఖ్దర్ అంటే అరబ్బీలో పచ్చని కొండ. మొదటిసారి చూసినవాళ్ళెవరికైనా ఆ పేరు ఎవరో వేళాకోళానికి పెట్టారనిపిస్తుంది. ఎటు చూసినా బూడిదరంగు సున్నపురాయి. ఆ రాళ్ళ మధ్య, ఇక్కడొకటి అక్కడొకటి, మెలితిరిగిన మొద్దులతో నల్లటి పచ్చని చెట్లు. జునిపర్లు. ఇక్కడివాళ్ళు అల్‌అలాన్ అంటారు. పర్షియన్ గల్ఫ్ అవతల ఇరాన్ నుంచి మధ్య ఆసియా దాకా ఉన్న జాతి ఇది. అరేబియా ద్వీపకల్పంలో దానికి దొరికిన చోటు ఒమాన్ ఉత్తరాన ఉన్న ఈ కొండలే. ఏడాదికి పెరిగేది పిసరంత. మనిషి పొట్ట చుట్టుకొలతంత మొదలుందంటే దాని వయసు వందల ఏళ్ళు.

మా పెద్దది ఒక మొద్దుని కౌగలించుకుని ఫొటో దిగింది. నేను ఫోను తీసి మా డాష్‌బోర్డులో ఆ చోటు వెతికాను. బూడిదరంగు. ఖాళీ నేల.

సిగ్గేసిందని వేరే చెప్పాలా. ఎందుకలా వచ్చిందో తెలియడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో గడి ముప్ఫై మీటర్లు. ఆ గడిలో రెండు జునిపర్లు, మిగతాదంతా ఎండకి తళతళలాడే రాయి. ఉపగ్రహానికి అందేది వాటి సగటు. రాయి గెలిచింది, చెట్టు ఓడిపోయింది. సెంటినెల్ ఉపగ్రహం గడి పది మీటర్లే కదా అంటావు. నిజమే, కొంత మెరుగు. కానీ నేను గీత గీసేముందు ఒక్కసారైనా ఆ కొండెక్కి ఉంటే, గీత 0.2 దగ్గర గీసేవాణ్ణే కాదు. తప్పు ఉపగ్రహానిది కాదు, ఎక్కనివాడిది. తిరిగొచ్చి క్లయింటుకి చెప్పాను. డెమో అయిపోయింది, ఇప్పుడు రంగులు మారిస్తే లేనిపోని ప్రశ్నలొస్తాయన్నారు. నేను మెయిల్లో ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నాను. ఆ మ్యాపు తర్వాత ఎవరి టేబులు మీదకి వెళ్ళిందో నాకు తెలీదు. ఇప్పటికీ అదే గుచ్చుకుంటుంది.

నా ఒక్కడి సంగతి వదిలెయ్. ప్రపంచం లెక్కే అలా ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కలో అడవి అంటే అర హెక్టారు నేల, అయిదు మీటర్ల ఎత్తు పెరిగే చెట్లు, నూటికి పది వంతులకి పైగా కొమ్మల కప్పు. ఆ కొలతతో కొలిస్తే మూడు లక్షల చదరపు కిలోమీటర్లకి పైగా ఉన్న ఒమాన్‌లో అడవి తేలేది రెండు మూడు వేల హెక్టార్లు. అంటే దేశంలో 0.01 శాతం. ఒమాన్‌కి అడవి లేదని చెప్పడానికి ఇది మర్యాదైన పద్ధతి. లేదని రాసుకున్నదాన్ని ఎవరు కాపాడతారు? జెబెల్ అఖ్దర్‌ని 2011లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, మంచిదే. ఆ పని చేసింది పచ్చదనం అంకె అయితే మాత్రం కాదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కేసు చూడు. అదీ ఒమాన్‌లోనే, దక్షిణాన ధోఫార్‌లో.

సలాలా ఖరీఫ్‌కి వెళ్ళని తెలుగువాడు మస్కట్‌లో ఉండడు. మన ఖరీఫ్ పంట మాటే అది. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా సముద్రం మీంచి పొగమంచు వచ్చి కొండలకి ఒరుసుకుంటుంది. చిరుజల్లు, పచ్చగడ్డి, ఎక్కడ చూసినా మన వైపు నంబరు ప్లేట్లకి ముచ్చటపడే ఫ్యామిలీలు. ఆ మూడు నెలలూ పైన మబ్బు కమ్ముకుని మామూలు కెమెరా ఉపగ్రహానికి కొండే కనపడదు. తెర లేచేసరికి సెప్టెంబరు ఆఖరు. అప్పటికి గడ్డి మోకాళ్ళెత్తు ఉంటుంది. ఆ రోజు బొమ్మ తీసి నా 0.2 గీత పెట్టి చూడు, కొండంతా నిగనిగలాడే అడవి. నా డాష్‌బోర్డులో కూడా అలాగే వచ్చింది. నవంబరుకల్లా ఆ అడవిలో సగం ఎండుగడ్డి.

మరి అక్కడ నిజం అడవి లేదా అంటే, ఉంది. టెర్మినాలియా ధోఫారికా అనే చెట్టు. మన నల్లమలలో ఉండే చిరుమానుకి దగ్గరి చుట్టం. ధోఫార్‌లోనూ, సరిహద్దవతల యెమెన్‌లోనూ తప్ప ఇంకెక్కడా లేదు. ఈ అడవి కథ చాలా చిత్రమైనది. ఎంఐటీలో పనిచేసిన హిల్డెబ్రాంట్, ఎల్తాహిర్ అనే ఇద్దరు ఆ కొండల మీద నీళ్ళని కొలిచి 2006లో ప్రచురించారు. అక్కడి వానకన్నా ముఖ్యం, పొగమంచు తుంపర్లని ఆకులూ కొమ్మలూ దువ్వి పట్టి మొదట్లోకి కార్చడం. అంటే చెట్టు ఉంటేనే చెట్టుకి నీళ్ళు. చెట్టు పోయి గడ్డి మిగిలితే గడ్డికి అంత తుంపర పట్టడం చేతకాదు. పోయిన అడవి మళ్ళీ తనంతట తను రావడం కష్టం.

అలాంటి చోట ఒంటెలు, ఆవులు, మేకలు మెడ అందినంత మేర ఆకు తినేస్తున్నాయి. అడవి పోయి గడ్డి వచ్చినా సెప్టెంబరు బొమ్మలో ఆకుపచ్చే. ఉత్తరాన వందల ఏళ్ళ చెట్లకి బూడిదరంగు, దక్షిణాన మూణ్ణెల్ల గడ్డికి ఆకుపచ్చ. తెల్లనివన్నీ పాలని నమ్మే అమాయకుణ్ణి చూసి మనం నవ్వుతాం కదా. మరి ఈ లెక్కని ఏమనాలి?

"అదంతా ఎడారి దేశం గొడవ, మన దగ్గర అలా ఉండదు" అనుకుంటున్నావేమో. మన దగ్గర ఇంకా అందంగా ఉంటుంది. భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి రెండేళ్ళకోసారి నివేదిక ఇస్తుంది. అందులో అడవి కప్పు అంటే ఒక హెక్టారు నేల, నూటికి పది వంతుల కొమ్మల నీడ. భూమి ఎవరిదని అడగరు, చెట్టు ఏ జాతిదని అడగరు. వాళ్ళేం దాచలేదు, ఆ ముక్క నివేదికలోనే స్పష్టంగా రాస్తారు. దాచేది మనం, పేపర్లో హెడ్డింగు పెట్టేటప్పుడు. 2021 నివేదికలో దేశం మొత్తం మీద అడవి కప్పు ఎక్కువ పెరిగింది ఆంధ్రప్రదేశ్‌లో, 647 చదరపు కిలోమీటర్లు. రెండోది తెలంగాణ, 632. పండగే పండగ. అందులో జామాయిల్ తోట ఎంత, సరుగుడు ఎంత, జీడిమామిడి ఎంత, సిల్వర్ ఓక్ నీడన కాఫీ ఎంత, అచ్చమైన నల్లమల ఎంత? ఆ ఒక్క అంకె ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. కాగితం మిల్లు లారీ ఎక్కడానికి నాలుగేళ్ళు పెరిగిన జామాయిలూ, తాతల కాలం నాటి మద్దిచెట్టూ ఆ అంకెలో పక్కపక్కనే కూర్చుంటాయి.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశావా? ఒక్క చెట్టు, దాదాపు అయిదెకరాల నీడ. అంటే హెక్టారున్నర పైమాటే. నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే ఆ ఒక్క చెట్టూ ఒక అడవి. జెబెల్ అఖ్దర్‌లో కిలోమీటర్ల కొద్దీ పలచగా నిలబడ్డ జునిపర్లు మాత్రం ఖాళీ నేల! మర్రిమాను మీద నాకేం కోపం లేదు. కోపమల్లా చెట్టుని నీడతో కొలిచి అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్ళ మీద.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. ఉపగ్రహం మనకి గొప్ప ఉపకారం చేసిన రోజొకటుంది. 1980ల మొదట్లో అటవీశాఖ కాగితాల ప్రకారం దేశంలో దాదాపు నాలుగో వంతు అడవి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ల్యాండ్‌శాట్ బొమ్మలు ముందేసుకుని లెక్కకట్టింది. 1972–75 మధ్య 16.9 శాతం, 1980–82 నాటికి 14.1 శాతం అని తేలింది. బాలానగర్‌లో కూర్చున్న మనవాళ్ళు ఢిల్లీ ఫైళ్ళలోని అడవిలో పెద్ద ముక్కే చెరిపేశారు. ఆ దెబ్బకే ఈ రెండేళ్ళకోసారి లెక్క మొదలైంది. కాబట్టి నేను ఉపగ్రహానికి వ్యతిరేకిని కాను. కాగితం అబద్ధమాడుతుంటే పట్టుకున్నది ఉపగ్రహమే. కానీ ఇవాళ ఆ ఉపగ్రహపు బొమ్మే కొత్త కాగితమైపోయింది. దాన్ని పట్టుకోవాల్సింది నేల మీద నడిచే కాళ్ళు.

పచ్చదనం కాకపోతే ఎత్తు కొలుద్దాం, అంతరిక్ష కేంద్రం మీద లేజరు ఉంది కదన్నా, అనొచ్చు నువ్వు. ఉంది. గెడై అనే పరికరం, 2018 డిసెంబరులో పంపారు. ఇరవై అయిదు మీటర్ల చుక్క మీద లేజరు వేసి చెట్టు ఎత్తు చెబుతుంది. కోస్టారికా లాంటి చోట అద్భుతం. ఏటవాలు కొండ మీద మాత్రం ఆ చుక్కలో ఒక కొసకీ ఇంకో కొసకీ నేల ఎత్తే చెట్టు ఎత్తంత తేడా వస్తుంది. అయినా ముదురు అడవి అంటే పొడుగు అడవి అని ఎవరు చెప్పారు? అమెరికాలో 2022 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు మీద ఫెడరల్ భూముల్లో ముదురు అడవులెక్కడున్నాయో లెక్కతీశారు. 2023లో మొదటి జాబితా వచ్చింది. సుమారు మూడు కోట్ల ఇరవై లక్షల ఎకరాల పాత అడవి. అందులో అన్నిటికన్నా ఎక్కువ ఏ రకమో తెలుసా? కాలిఫోర్నియా రెడ్‌వుడ్లు కావు. పిన్యన్, జునిపర్ల పొట్టి అడవి, తొంభై లక్షల ఎకరాలు. ఎడారి అంచున రాళ్ళలో పలచగా, మన జెబెల్ అఖ్దర్ చెట్ల చుట్టాలే. ఆ లెక్కకి ఆధారం నేల మీద ఏళ్ళ తరబడి మనుషులు కొలుస్తూ వస్తున్న ప్లాట్లు. అన్ని ఉపగ్రహాలున్న దేశం ఆ పనికి మనుషుల్నెందుకు నడిపించిందో కాస్త ఆలోచించు.

నడిస్తే ఏం దొరుకుతుంది? క్రితం నెల సంగతి చెబుతా. సైక్ పైన మాకు దారి చూపించడానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు సైన్యంలో పనిచేశాట్ట, వచ్చీరాని హిందీ. బొమ్మలో ముందే చీటీలేసి ఎంచుకున్న చదరాల దగ్గరకి జీపీయెస్ పట్టుకుని వెళ్ళడం, తాడుతో యాభై మీటర్ల చదరం కట్టడం, ప్రతి చెట్టు మొదలు చుట్టుకొలత, ఎత్తు, ఎండిన కొమ్మలెన్ని, పడిపోయిన మొద్దులెన్ని రాసుకోవడం. మొదటి చదరం పూర్తయ్యాక నేను గర్వంగా చెట్ల లెక్క చెప్పాను. ఆయన విన్నాడు. చుట్టూ ఒకసారి చూసి, "ఇన్‌కా బచ్చా కహా హై?" అన్నాడు.

పిల్లలెక్కడ?

రెండు రోజులూ పిల్లల కోసమే వెతికాం. మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ సందుల్లో, పెద్ద చెట్ల నీడలో. దొరికిన మొలకల్ని లెక్కపెట్టడానికి నా చేతివేళ్ళు సరిపోయాయి. ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఫిషర్, గార్డ్‌నర్ అనే ఇద్దరు ఈ కొండల్లో తిరిగి 1995లోనే రాశారు. రెండు వేల నాలుగొందల మీటర్ల కన్నా కిందనున్న జునిపర్లు నీరసించిపోయాయి, అక్కడ కొత్త మొక్కలు దాదాపు లేవు, పైకి వెళ్ళే కొద్దీ నయం అని. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనం దీనికి కారణం పెరుగుతున్న వేడి అని తేల్చింది. ముసలి చెట్టు ఓపిక ఉన్నన్నాళ్ళు నిలబడుతుంది. ఇంకో వందేళ్ళు కూడా నిలబడొచ్చు. ఈ లోపు ఏటా ఉపగ్రహం వచ్చి చూసి "మార్పు లేదు" అని రాసుకుని పోతుంది. దాని దృష్టిలో అది అబద్ధం కాదు. కొమ్మల కప్పు అంతే ఉంది మరి. అడవి మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

ఆ రాత్రి టెంటులో చలికి నిద్ర పట్టక, అలవాటు కొద్దీ ఫోన్లో మా ఊరు తీసి చూశాను. పరాయి దేశంలో ఉన్నవాడికి అదొక జబ్బు. పైనించి మా ఊరు దివ్యంగా ఉంది. పెంకుటిళ్ళు పోయి డాబాలొచ్చాయి. పెరళ్ళలో కొబ్బరిచెట్లు గుబురుగా పెరిగాయి. నేను గల్ఫుకి వచ్చిన ఏటి బొమ్మతో పోలిస్తే పచ్చదనం పెరిగింది కూడా. ఆ డాబాల్లో ఉండేది ఎవరు? మా అమ్మ, పక్కింటి బాబాయి, ఎదురింటి పిన్ని. అరవైకి తక్కువ వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను చదివిన బడిలో ఇప్పుడు ఇరవై మంది పిల్లలు లేరు. ఏ ఉపగ్రహమూ ఇది చెప్పదు. ఊళ్ళోకి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, "పిల్లలెక్కడ?" అని అడిగినవాడికే తెలుస్తుంది. అడిగితే మా అమ్మ ఏం చెబుతుందో నాకు తెలుసు, అందుకే నేను అడగను.

సరే, తిట్టడం అయింది, ఏం కావాలో కూడా చెప్పాలి. అడవి మ్యాపు ఏదైనా బయటపెట్టేవాళ్ళు, ఎన్ని చోట్ల నేల మీద నిలబడి సరిచూశారో, ఏ నెలలో చూశారో ఆ మ్యాపు మీదే రాయాలి. నాటిన తోటల అంకె వేరు, తనంతట పుట్టిన అడవి అంకె వేరు ఇవ్వాలి. పాత అడవి అని గుర్తించడానికి కొమ్మల నీడతో పాటు మొదళ్ళ చుట్టుకొలత, పడిన మొద్దులు, మొలకలు కూడా లెక్కలోకి రావాలి. ఇక మనలాంటి కోడు రాసేవాళ్ళు చేయాల్సింది ఒకటే. చూడని చోటికి "ఖాళీ నేల" అని పేరు పెట్టకూడదు. "మేం చూడలేదు" అని రాయడానికి ఇంకో రంగు ఉంచుకోవాలి. మనం యూజర్‌ని అడక్కుండా రిలీజు చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. మర్నాడు పొద్దున్నే ఫోను మోగుతుంది. చెట్టు ఫోను చెయ్యదు, అంతే తేడా.

ఉపగ్రహం ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. ఆ కొండంతా గాలించడం నా తరమా, ఆ చదరాలు ఎంచిపెట్టింది ఆ బొమ్మే. వెళ్ళాల్సింది మాత్రం మనమే.

తమ్ముడూ, వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి రెండు వేల నాలుగొందల మీటర్ల పైకి. కార్లో ఒక సీటు ఖాళీ ఉంది. మంచి బూట్లు, స్వెట్టరు తెచ్చుకో. ఏసీ అక్కర్లేదు, అక్కడ చలికాలంలో నీళ్ళు గడ్డకడతాయి. నీ అరగంట మ్యాపు కూడా పట్టుకురా. అందులో ఆకుపచ్చ ఉన్న చోటికీ, బూడిదరంగు ఉన్న చోటికీ, రెంటికీ వెళ్దాం. నువ్వే గెలిస్తే ఆ రోజు భోజనం నాది.